దారం కట్టిన వైర్లు

మా చాలీలో, అంటే వరసగా ఒంటి గదులుండే పాత మేడలో, ఏ స్విచ్‌బోర్డు మూత విప్పినా లోపల వైర్లకు దారాలు కట్టి ఉండేవి. కింది అంతస్తులో బ్యాగులు కుట్టే కార్ఖానా ఒకటి ఉండేది. వాళ్లు పారేసే మందపాటి నైలాను దారం ముక్కల్ని మా నాన్న ఏరుకొచ్చి చొక్కా జేబులో వేసుకునేవాడు. కరెంటు వచ్చే ఫేజు వైరుకు ఒక ముడి, తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరుకు రెండు, షాకు కొట్టకుండా భూమిలోకి దింపే ఎర్తింగు వైరుకు మూడు. వైరు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కట్టేవాడు. బొటనవేలితో తడిమి ఏది ఏదో చెప్పేసేవాడు. ఎర్తింగు వైరు చూపించి, "దీనికి మాత్రం పెండ్లయిపోయింది" అని అమ్మ ఎగతాళి చేసేది.

కామాటిపుర గల్లీల్లో తెలుగువాళ్ల ఇళ్లలో ఫ్యాను ఆగినా, ఫ్యూజు పోయినా నాన్ననే పిలిచేవారు. ఆయన ఏ బడిలోనూ ఈ పని నేర్చుకోలేదు. కుర్రతనంలో ఒక వైర్‌మన్ వెంట నిచ్చెన మోసుకుంటూ తిరిగి, చూసి చూసి నేర్చుకున్నాడు. ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ముందు ఆయనకంటూ ఒక స్టూలు ఉండేది. పొద్దున పదింటికి వెళ్లి దాని మీద కూర్చునేవాడు. పిలుపు రాగానే సంచి భుజాన వేసుకుని లేచేవాడు. ఆ స్టూలు మీద ఇంకెవరైనా కూర్చుంటే కొట్టాయనే లేపేసేవాడని అమ్మ గొప్పగా చెప్పుకునేది.

దారాలెందుకని అడిగినవాళ్లందరికీ నాన్న ఒకటే కథ చెప్పేవాడు. ఆయన తాత పాలమూరు నుంచి వచ్చిన కామాటి. రాళ్లు మోసి గోడలు కట్టినవాడు. ఆయనకు అంకెలు రావు. అందుకని కొలత దారానికి ముడులు వేసుకుని, ఆ ముడులు లెక్కపెట్టుకుంటూ గోడలు లేపేవాడట. "మా తాత దారానికి ముడులేసి గోడలు లేపిండు. నేను దారానికి ముడులేసి లైట్లు ఎలిగిస్తున్న" అనేవాడు నాన్న. ఆ మాట చెప్పేటప్పుడు కాస్త ఛాతీ విరుచుకునేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు ముగ్గురు కూడా అలాగే కట్టడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు చుట్టుపక్కల గల్లీల్లో దానికి కామాటి ముడి అని పేరొచ్చింది. మరాఠీ ఎలక్ట్రీషియన్లు మా బోర్డులు విప్పి, వైర్లకు తాళి కట్టారేంటి అని పగలబడి నవ్వేవారు. నవ్వితే నవ్వనీ, అది మా పద్ధతి అనుకునేవాళ్లం. నేనైతే బడిలో దాని గురించి గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఏడో తరగతి దాకా మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివాను. తర్వాత ఆ బడిలో పిల్లలు లేక మూసేస్తే మరాఠీ బడికి మారాను. పదో తరగతి అయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు తీసుకుంటానంటే ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. ఆడపిల్లవి, కంప్యూటరో కుట్టుపనో తీసుకో, నిచ్చెనలెక్కుతావా అని అమ్మ. చాలీలో పెద్దమనుషులంతా ఆమె పక్షమే. నాకు పట్టుదల ఎక్కువ. వద్దంటే చేసి తీరాలనిపిస్తుంది. ఆ గుణం నాకు చాలా మంచి చేసింది, అంతకంటే ఎక్కువ చెడూ చేసింది. మూడో రోజు పొద్దున నాన్న ఛాయ్ తాగుతూ, "నాకు కాయితం లేదు. కాయితం లేనోన్ని స్టూలు మీద ఎంత కాలం కూసోనిస్తరు? నువ్వు కాయితం తే బిడ్డా. ఇద్దరం కలిసి చేద్దం" అన్నాడు.

అదే మా ఇద్దరి ఒప్పందం. రెండేళ్లు ఐటీఐ, ఏడాది కంపెనీలో అప్రెంటిస్, ఆ తర్వాత సర్కారు వైర్‌మన్ లైసెన్సు. లైసెన్సు నా పేరున ఉంటుంది, చేయి నాన్నది ఉంటుంది. ఇద్దరికీ కలిపి ఒక బోర్డు రాయించుకుని కొట్టు ముందు తగిలించాలని అనుకున్నాం. నాన్న పనిలో ఉండాలి, ఆయన పేరు నిలబడాలి. నాకు అంతకంటే పెద్ద కోరిక లేదు.

క్లాసులో మొదటి నెలలోనే రంగులు నేర్పారు. ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తింగుకు ఆకుపచ్చ. ఎవరు విప్పి చూసినా ఒక్క చూపులో తెలియాలని ఈ ఏర్పాటు. అంతవరకు నాకు నాన్న బోర్డులంటే దేవుడి గూడు లెక్క. ఆ వారమే మా ఇంటి బోర్డు విప్పి చూశాను. ఫేజుకు నల్ల వైరు, న్యూట్రల్‌కు పచ్చది. పక్కింటి బోర్డులో ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు కూడా ఎరుపే. ఎదురింట్లో ఎర్తింగు ఎరుపు. సాయంత్రం ఆయనను నిలదీశాను.

"రంగు చూసి పెట్టొచ్చు గద నాన్నా?"

"రంగుదేముంది? మసి పడితే మాసిపోతది. ముడి మాసిపోదు" అన్నాడు.

జవాబు బాగానే ఉంది. కానీ నేను నమ్మలేదు. ఈయనకు రంగుల సంగతే తెలియదు, ఎవరూ నేర్పలేదు, ఒప్పుకోవడానికి నామోషీ అనుకున్నాను. అప్పటినుంచి ఆయనతో పాటు పనికి వెళ్లినప్పుడు, ఇంటివాళ్లు బోర్డు లోపలికి తొంగి చూస్తే నాకు సిగ్గేసేది. చదువు మొదలుపెట్టి ఆరు నెలలు కాకుండానే తండ్రిని చూసి సిగ్గుపడటం నేర్చాను.

రెండో ఏడు వానాకాలంలో నాన్నకు డెంగీ వచ్చింది. పది రోజులు మంచం దిగలేదు. అప్పుడే మెట్ల కింద ఉండే నీళ్ల పంపు బోర్డులో నిప్పురవ్వలు వచ్చి వైర్లు కాలిపోయాయి. చాలీ మొత్తానికి అదొక్కటే పంపు. పొద్దున గంటసేపు మునిసిపాలిటీ నీళ్లు వస్తాయి, ఆ గంటలో మిద్దె మీది ట్యాంకులోకి ఎక్కించాలి, మెట్ల దగ్గరి కుళాయికి కూడా పంపు తిరిగితేనే నీళ్లు. నేను చేస్తానన్నాను. నమ్మకం లేకపోయినా వేరే దారి లేక ఒప్పుకున్నారు.

ఒక ఆదివారం పూర్తిగా దాని మీదే కూర్చున్నాను. పాత వైర్లన్నీ పీకేశాను. కొత్త వైర్లు లాగి, ఎరుపు ఎరుపే, నలుపు నలుపే, పచ్చ పచ్చే పెట్టి, బోర్డు నుంచి పంపు దాకా మూడు తీగల కొత్త కేబులు వేశాను. పాత వైర్ల మీది దారాలు కట్టరుతో కోసి చెత్త సంచిలో వేశాను. కొత్త వాటికి ఒక్క దారమూ కట్టలేదు. మూత బిగించే ముందు ఫోనులో ఫోటో తీసి క్లాసులో చూపించాను. మాస్టారు మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి, "పంపు బోర్డు కొత్తగ చేసిన నాన్నా" అంటే, ఆయన పడుకునే నా చేయి పట్టుకుని, "మంచిగయ్యింది బిడ్డా" అన్నాడు. దారాలు తీసేశానని నేను చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాల్సినంత సంగతి అనిపించలేదు.

దీపావళి దాటాక పంపు మోటారు కాలిపోతే, తీగ మళ్లీ చుట్టే రీవైండింగు కొట్టువాళ్లు వచ్చి విప్పుకుపోయారు. రెండు రోజులు నీళ్లు లేవు. మూడో రోజు పొద్దున మోటారు వచ్చింది. నాన్న బిగించడానికి దిగాడు. నేను అప్పటికే క్లాసుకు వెళ్లిపోయాను. ఆ పొద్దు ఏం జరిగిందో తర్వాత అమ్మా, మిగతావాళ్లూ చెప్పగా తెలిసింది.

మెట్ల కింద చీకటి. మునిసిపాలిటీ నీళ్లు వచ్చి అప్పటికే అరగంటయింది. బకెట్లు, బిందెలతో ఇరవై మంది ఆడవాళ్లు వెనక నిలబడి, "అర్రే జల్దీ కానియ్యి అన్న, నీల్లు పోతయ్" అని కేకలు. నాన్న మెయిన్ స్విచ్ ఆపాడు. మోటారు మూత తీసి, కేబులు చివర మూడు తీగల్ని బొటనవేలితో తడిమాడు. మళ్లీ తడిమాడు. తల ఎత్తి వెనక ఉన్న ఆడవాళ్ల వైపు చూశాడట. "ఏందన్నా?" అని ముందున్న అత్త అడిగింది. "ఏం లేదు చెల్లె" అని మళ్లీ వంగి మూడూ బిగించి, లేచి మెయిన్ వేశాడు.

ఈ అత్త మా పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో, ఉంటుంది. నాన్నకు సొంత చెల్లెలు కాదు, కానీ ఏటా రాఖీ కట్టేది. మోటారు తిరగలేదు. తిరక్కపోతే దాన్ని చేత్తో గట్టిగా తట్టడం మా చాలీలో అందరికీ అలవాటు. ఆ మోటారు ఎప్పుడూ అంతే, రెండు దెబ్బలు పడితే గాని కదిలేది కాదు. అత్త బకెట్ కింద పెట్టి, నీళ్లలో నిలబడే తడి చేత్తో తట్టింది. షాకు కొట్టి విసిరేస్తే ఎదుటి గోడకు తగిలి పడింది. అరచేయి కాలింది, మణికట్టు విరిగింది. ఆ షాకు పట్టేసుకుని ఉంటే ప్రాణం పోయేదని ఆసుపత్రిలో అన్నారు.

మధ్యాహ్నం నేను వచ్చేసరికి చాలీ అంతా మెట్ల దగ్గరే ఉంది. నాన్న ఒక పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను మెయిన్ ఆపి ఉందని చూసుకుని మోటారు మూత విప్పాను. ఎర్ర వైరు ఎర్తింగు స్క్రూ కింద ఉంది. అంటే కరెంటు నేరుగా మోటారు ఒంటికే వచ్చింది. పచ్చ వైరు ఫేజు ఉండాల్సిన చోట ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. నేను అంత శుభ్రంగా చేసిన పని, చూస్తే గుడ్డివాడికి కూడా తెలుస్తుందనుకున్న పని.

"ఎర్ర వైరు తీస్కపోయి ఎర్తింగుకు ఎట్ల పెట్టినవ్ నాన్నా? మా ఫస్టియర్‌ల పిల్లలు గూడ ఇట్ల చెయ్యరు!"

అందరి ముందూ అరిచాను. మెట్ల మీద నిలబడిన వాళ్లు, వరండాల్లోంచి తొంగి చూస్తున్న వాళ్లు, అందరూ విన్నారు. నాన్న తల పైకెత్తాడు. నా ముఖం కాకుండా నా చేతిలోని వైర్లు చూస్తూ మెల్లగా అడిగాడు.

"దారాలు ఏమైనయ్?"

"కోసి పారేసిన. రంగులున్నంక దారాలెందుకు?"

నాన్న లేచి, "తప్పయింది" అని, ఎవరితో అంటున్నాడో తెలియకుండా అందరికీ కలిపి చెప్పి పైకి వెళ్లిపోయాడు. సంచి అక్కడే వదిలేశాడు. దాన్ని నేను పైకి తెచ్చాను.

ఇంత జరిగినా ఎవరూ పోలీసుల దాకా పోలేదు. అత్త కొడుకు రెండు రోజులు చిందులు వేసి ఊరుకున్నాడు. కానీ కన్న కూతురే, అందులోనూ చదువుకుంటున్న కూతురే, నాన్నకు పని రాదని నడి చాలీలో చెప్పాక ఎవరు పిలుస్తారు? ఫ్యాను ఆగినా లైసెన్సున్న బయటివాణ్ని తెచ్చుకోవడం మొదలుపెట్టారు. నాన్న మళ్లీ స్టూలు దగ్గరికి వెళ్తే, దాని మీద కొట్టాయన వైరు చుట్టలు పేర్చి పెట్టుకున్నాడు. నాన్న వాటిని తీయమనలేదు, కొట్టాయన తీయలేదు. నెల తిరక్కుండానే నాన్న ఒక ఆఫీసు బిల్డింగు గేటు దగ్గర కాపలా పనిలో చేరాడు. మరుసటి ఏడు రాఖీకి అత్త రాలేదు. చేయి ఇంకా నొస్తోందని కబురు పెట్టింది. అది అబద్ధమని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

నేను నాన్నతో సరిగా మాట్లాడలేదు. కోపం తగ్గినా నా వంతు తప్పేమిటో నాకు కనపడలేదు. ఒప్పందం చెడగొట్టింది ఆయనే అనుకున్నాను. పరీక్ష పాసయ్యాను. అప్రెంటిస్‌కు ఒక కంపెనీ ఎంపిక చేసింది. చేర్చుకునే ముందు డాక్టరు పరీక్ష పెట్టారు.

గదిలోకి ఇద్దరిద్దరిని పిలిచారు. నాకంటే ముందు కుర్చీలో కూర్చున్నవాడు మా క్లాసు అబ్బాయే. చేతిపనిలో అందరికంటే ముందుండేవాడు. డాక్టరు ఒక పుస్తకం తెరిచాడు. ప్రతి పేజీలో రంగురంగుల చుక్కలతో నింపిన ఒక గుండ్రటి బొమ్మ ఉంది. చుక్కల మధ్యలో వేరే రంగు చుక్కలతో ఒక అంకె ఉంటుంది. ఎంతని కనిపిస్తోందని డాక్టరు అడిగాడు. నాకు దూరం నుంచే డెబ్బై నాలుగని కనిపించింది.

"అంకె ఎక్కడుంది సార్?" అన్నాడు వాడు.

ఇంకో పేజీ. ఇంకో పేజీ. వాడి మెడ మీద చెమట పట్టడం నేను వెనక నుంచి చూశాను. డాక్టరు పుస్తకం మూసి, నీకు ఎరుపు, పచ్చ తెలియవు, ఈ పనికి తీసుకోవడం కుదరదన్నాడు. రెండేళ్లు ప్రాక్టికల్స్ అన్నీ తప్పు లేకుండా చేశాను సార్ అని వాడు బతిమాలాడు. ఎలా చేశావని డాక్టరు అడిగాడు.

"మొదట పక్కవాణ్ని అడిగేవాణ్ని సార్. ఏదేదో తెలిశాక వైరు మీద గోటితో గీతలు పెట్టుకునేవాణ్ని. ఒకదానికి ఒక గీత, ఇంకోదానికి రెండు, పచ్చదానికి మూడు."

ఒకటి, రెండు, మూడు, అది నాన్న ముడుల లెక్కే. నా వంతు వచ్చి కుర్చీలో కూర్చున్నాను. అన్ని అంకెలూ చదివాను. డాక్టరు బాగుందన్నాడు. అప్పుడు అడిగాను, ఇలాంటివాళ్లకు ఎర్ర వైరు ఎలా కనిపిస్తుందని. కొందరికి ఎరుపు దాదాపు నల్లగా కనిపిస్తుంది, చీకట్లో అయితే మూడూ ఒకటే, పుట్టుకతో వచ్చేదే, మందు లేదని చెప్పాడు. బస్సెక్కి మా స్టాపులో దిగడం మర్చిపోయి చాలా దూరం వెళ్లిపోయాను. వెనక్కి నడుస్తుంటే ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. కొట్లో ఏ రంగు చుట్ట ఉంటే అది ఇమ్మనేవాడు. సిగ్నలు దగ్గర దీపం వైపు కాకుండా పక్కవాళ్ల కాళ్ల వైపు చూసి రోడ్డు దాటేవాడు. పచ్చి టమాటాలు తెచ్చి అమ్మ చేత తిట్లు తినేవాడు. బట్టలు కొనేటప్పుడు కొట్టు బయటే నిలబడేవాడు. ఇన్నేళ్లు ఒకే ఖోలీలో ఉండి నాకు ఒక్కటీ కనపడలేదు.

ఇంటికి వచ్చేసరికి నాన్న డ్యూటీకి బయల్దేరబోతూ అన్నం తింటున్నాడు. నీలం ప్యాంటు, బనీనుతో ఉన్నాడు. నా సంచిలోంచి మూడు వైరు ముక్కలు తీసి ఆయన కంచం పక్కన నేల మీద పెట్టాను.

"నాన్నా, ఇండ్ల ఎర్రది ఏది?"

ఆయన ముందు నా వైపు చూశాడు. తర్వాత వైర్ల వైపు చూశాడు. ఎంగిలి చేయి కంచంలోనే ఉంచి, ఎడమ చేత్తో గోడకు తగిలించిన కాపలా చొక్కా జేబులో వెతికాడు. నైలాను దారం ముక్క ఒకటి తీశాడు. పని మానేసి ఇన్ని నెలలైనా అది ఆయన జేబులోనే ఉంది. దాన్ని నా చేతిలో పెట్టాడు.

"ముడెయ్యి బిడ్డా. చెప్త."

నేను ఏడుస్తూ కూలబడ్డాను. అమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక పొయ్యి ఆపి అక్కడే కూర్చుండిపోయింది. "ఇరవై ఏండ్లు పచ్చి టమాటలు తెచ్చినవని తిట్టిన గదయ్యా" అని తల పట్టుకుంది.

నాన్న అప్పుడు చెప్పాడు. పెళ్లి కాకముందు గిరణీలో, అంటే బట్టల మిల్లులో, కరెంటు విభాగంలో పని ఖాళీ ఉందంటే వెళ్లాడు. అక్కడా ఇలాంటి చుక్కల పుస్తకమే చూపించి బయటికి పంపారు. అప్పటిదాకా ఆయనకూ తెలియదు, లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాడు. బయటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు, మా అమ్మతో సహా.

"ఎర్రది పచ్చది తెల్వనోనికి కరెంటు పని ఎవడిస్తడు? అందుకే దారం కట్టిన" అన్నాడు.

"మరి తాత? గోడలు, ముడులు?"

"తాత గోడలు కట్టింది నిజం. దారం కథ నేనే కట్టిన."

"ఆ పొద్దు ఎవరినన్న అడిగుంటే అయిపోతుండె గద. ఎర్రది ఏదని."

"అంత మంది ముందు ఎట్ల అడగాలె? టెస్టరు పెట్టి చూద్దమంటే నీల్లు పోతున్నయని ఒకటే లొల్లి. ఒకటి జర ఎర్రగ అనిపించింది, ఫేజుకు పెట్టిన. చెల్లె చెయ్యి పోయింది. నీది తప్పు కాదు. దారాలు లేనప్పుడు నేను చెయ్యి పెట్టొద్దుండె."

"నాకన్న చెప్పకపోతివి."

ఆయన కంచం వైపు చూస్తూ మాట్లాడాడు. "నువ్వు క్లాసు నుంచి అచ్చి ఎరుపు, నలుపు, పచ్చ అని చెప్తుంటే మస్తు ఖుషీ అయ్యేది. నా బిడ్డకు కండ్లు మంచిగున్నయ్, బస్, ఇంకేం గావాలె అనుకున్న."

చాలీలో అందరికీ చెప్పేస్తానన్నాను. అజాగ్రత్త కాదు, పని రాక కాదు, కన్ను అంతే అని చెబుతానన్నాను. నాన్న మొదటిసారి గొంతు పెంచాడు. "ఎవనికీ చెప్పొద్దు. ఒక్క తప్పు చేసిండని అనుకుంటున్నరు, అనుకోనియ్యి. రంగులు తెల్వనోడు ఇన్నేండ్లు మన ఇండ్లల్ల వైర్లు కట్టిండని తెలిస్తే ఒక్కడు నిద్ర పోతడా? ఒక్క బోర్డు ఉంచుతరా?" అన్నాడు. ఆయన బోర్డుల్లో ఏ ఒక్కటీ ఎవరికీ షాకు కొట్టలేదు. కొట్టింది నా బోర్డు దగ్గర. కానీ అది వివరించాలంటే అసలు సంగతి చెప్పాలి.

చెప్పకుండా చేయగలిగింది ఒకటే ఉందనుకున్నాను. ఆ వారమంతా కార్ఖానాలో దారం ముక్కలు ఏరాను. ఆదివారం పంపు బోర్డు విప్పి, రంగులు అలాగే ఉంచి, ప్రతి వైరుకూ రెండు చివర్లా దారం కట్టాను. ఒకటి, రెండు, మూడు. మోటారు మూత విప్పి అక్కడా కట్టాను. తర్వాత పైకి వెళ్లి, ఆయన సంచి చేతికిచ్చి, మోటారు వైర్లు వదులయ్యాయి, చూద్దువు రమ్మని తీసుకొచ్చాను. నలుగురి ముందు ఒక్కసారి ఆయన చేయి పడి మోటారు తిరిగితే చాలు, మళ్లీ పిలుస్తారని నా ఆశ.

నీళ్లొచ్చే వేళ. వరసలో ఆడవాళ్లున్నారు. అందరికంటే ముందు అత్తే ఉంది. ఆమె మణికట్టు అతుక్కుంది గాని కాస్త వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో బకెట్ మోయలేక ఎడమ చేత్తో మోస్తోంది. నాన్న వంగి మోటారు మూత తీశాడు. బొటనవేలు వైర్ల మీద పెట్టాడు. ఒకటి దగ్గర ఆగాడు. రెండు దగ్గర ఆగాడు. మూడు ముడుల మీద చాలాసేపు ఆగాడు. నా వైపు తల తిప్పి, నాకు మాత్రమే వినపడేలా, "మంచిగ కట్టినవ్" అన్నాడు. ఆయన ముఖంలో ఎన్నాళ్లకో వెలుగు చూశాను. స్క్రూలు బిగించి, మెయిన్ వేయడానికి లేచి నిలబడ్డాడు.

అప్పుడు అత్త బకెట్ వెనక్కి లాక్కుంది. ఆమె వెనక ఉన్నవాళ్లూ లాక్కున్నారు. తడిలేని మెట్టు చూసుకుని ఒక్కొక్కరే ఎక్కి నిలబడ్డారు. అత్త నాన్న కళ్లలోకి చూడకుండా, చాలా మర్యాదగా, "నువ్వు చేసుకో అన్నా. నేను నీల్లు తర్వాత పట్టుకుంటలే" అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

నాన్న మెయిన్ మీది చేయి తీసేశాడు. జేబులోని టెస్టరు తీసి నా చేతిలో పెట్టి, "నువ్వెయ్యి. నాకు డ్యూటీ టైమయ్యింది" అని మెట్లెక్కాడు. ఆడవాళ్లు ఆయనకు దారిచ్చారు. నేను మెయిన్ వేశాను. మోటారు ఒక్క దెబ్బ కూడా పడకుండానే తిరిగింది. అత్త బకెట్ తీసుకుని దిగింది.

ఆ తర్వాత నాన్న మళ్లీ వైరు ముట్టుకోలేదు. మా ఇంట్లో బల్బు మార్చాలన్నా నేను వచ్చేదాకా చీకట్లో కూర్చునేవాడు. నేను అప్రెంటిస్ పూర్తి చేశాను, వైర్‌మన్ లైసెన్సు తెచ్చుకున్నాను. ఎవరి దగ్గర పని నేర్చుకున్నావని దరఖాస్తులో ఒక గడి ఉంది. లైసెన్సున్నవాళ్ల పేరే రాయాలి. కంపెనీ పేరు రాశాను. ఇప్పుడు పెద్ద టవర్లలో వైరింగు చేయించే సూపర్‌వైజర్‌ని. నా కింద వేసే ప్యానెళ్లలో రంగులన్నీ నియమం ప్రకారమే ఉంటాయి. వాటి మీద దారాలు కూడా ఉంటాయి. ఎందుకని అడిగితే, రంగు మాసిపోతుంది, ముడి మాసిపోదని చెబుతాను.

నాన్న పోయి రెండేళ్లయింది. ఈ మధ్య మా చాలీ కూల్చి కొత్తది కట్టడానికి ఖాళీ చేయించారు. పంపు కనెక్షను తీయడానికి నేనే వెళ్లాను. సామాను కట్టుకుంటున్న అత్త మెట్ల దగ్గర నిలబడి చూసింది. కోసిన వైర్లకు ఇంకా ముడులున్నాయి, మసి పట్టి నల్లబడ్డాయి.

"గీ దారాలు ఎందుకే కట్టేటోడు మీ నాయిన?" అని అడిగింది.

ఇక చెప్పొచ్చు అనిపించింది. ఆయన లేడు, బోర్డులూ ఉండవు, ఎవరి నిద్రా పోదు. నోటి దాకా వచ్చింది. ఆమె వంకర మణికట్టు చూశాను.

"మా తాతల పద్ధతి అత్తా. గోడలు కట్టేటప్పుడు దారానికి ముడులేసుకునేటోళ్లట."

"అవును, చెప్పేటోడు" అంది అత్త. సామాను మూట బిగిస్తూ, "మంచి మనిషే. జర ధ్యాసతోని పని చేసుంటే బాగుండు" అంది.

అవునన్నాను. ఆ అవును అన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. అందుకే కూర్చుని ఇదంతా రాశాను. అత్తకు తెలుగు చదవడం రాదు, ఆమె పిల్లలకూ రాదు. ఆ ధైర్యంతోనే రాశాను.